టపా పడవ బాణీ

ఫిబ్రవరి 9, సోమవారం

ఓస్లో హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. మన ప్రభుత్వ టీవీ పాత కార్యక్రమాలు నెట్‌లో పెడతారట. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు, పక్కింటివాళ్లకివ్వచ్చు. జనం సొమ్ముతో తీసినవి జనానివే కదా అని వాళ్ల వాదన. నాకు నచ్చింది.

పెట్టేది టొరెంట్‌లో, అంటే తీసుకున్నవాళ్లే ఒకరికొకరు అందించుకునే పద్ధతి. మా బాస్ బిర్గర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నాళ్లూ దొంగ కాపీలవాళ్లని తిట్టీ తిట్టీ నోరు నొప్పెట్టింది, ఇప్పుడు వాళ్ల దారినే లీగల్‌గా పోతున్నాం, వాళ్లకింక ఏం పని మిగిలిందీ అంటాడు.

మా బూడో ఆఫీసు వంతుకి ‘టపా పడవ’ వచ్చింది. 1976లో తీసిన సీరీస్. దీవి దీవికీ ఉత్తరాలు మోసే పడవా, దాని కోసం రేవుల్లో నిలబడే జనమూ, అంతే కథ. చిన్నప్పుడు నాన్న కాళ్ల దగ్గర కూర్చుని చూశాను. దాని బాణీ రానివాళ్లు ఈ తీరంలో లేరు. పెళ్లిళ్లలో అదే, బడి వార్షికోత్సవాల్లో అదే.

అందులో పనిచేసిన ప్రతి మనిషి దగ్గరా అనుమతి తీసుకోవాలి. ఆ పని నాది.

ఫిబ్రవరి 16, సోమవారం

అనుకున్నదాని కన్నా సులువు. కెమెరామన్ పోయాడు, ఆయన భార్య సంతకం పెట్టి, కేకు పెట్టి, ఆయన ఫొటోలన్నీ చూపిస్తే గాని వదల్లేదు. వ్యాఖ్యానం చెప్పినాయన ఫోన్లోనే ఆ పాత గొంతుతో మొదటి వాక్యం చెప్పి వినిపించాడు.

ఇంక మిగిలింది ఒక్కరు. లంగ్‌వేర్ దీవిలో ఉండే హల్వోర్. ఆ బాణీని అకార్డియన్ మీద వాయించింది ఆయనే. అప్పట్లో టపా పడవ ఇంజన్ మెకానిక్ కూడానట. రేపు ఫోన్ చేయాలి.

ఫిబ్రవరి 17

ఫోన్ చేశాను. బాగానే మాట్లాడాడు. వాయించినవాడిగా ఒక్క సంతకం చాలు అన్నాను. వాయించినవాడిగానా, సరే, మరి బాణీ ఎవరిదని రాశారు మీరు, అన్నాడు. జానపదం అన్నాను. తెర మీద పేర్లు పడేచోట అలాగే ఉంది మరి.

“అయితే ఆ జానపదుణ్నే వెళ్లి అడుగమ్మా” అని ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఇవాళ ఓస్లో నుంచి లాయర్ షెష్టి ఫోన్లో మీటింగ్ పెట్టింది. ఆవిడ మనిషి మంచిదే, మాట మాత్రం కత్తెర. ఆయన ఒప్పుకోకపోతే ఆయన వాయించిన ముక్క తీసేయండి, జానపద బాణీకి యజమాని ఉండడు, ఇంకొకరి చేత మళ్లీ వాయించండి, అంది. బిర్గర్‌కి ప్రాణం లేచొచ్చింది. సంగీత కళాశాల నుంచి ఒక అమ్మాయిని అప్పుడే మాట్లాడేశాడు కూడా. మార్చి ఇరవైన అన్ని ఆఫీసులూ ఒకేసారి విడుదల చేయాలి, మనమొక్కళ్లమే వెనకబడితే ఏం మొహం పెట్టుకుంటాం అంటాడు.

అంతా చట్టప్రకారమే. నాకు మాత్రం ఆయన ఫోన్లో అన్న ఆ ఒక్క మాట చెవిలోంచి పోవడం లేదు.

లంగ్‌వేర్ వెళ్లొస్తానన్నాను. ఎందుకన్నాడు బిర్గర్. గాలి మార్పుకి అన్నాను. ఈ గాలిలోనా అన్నాడు. కిటికీ బయట మంచు అడ్డంగా కురుస్తోంది.

ఫిబ్రవరి 26

ఆఫీసులో అందరూ ఆ బాణీనే ఈల వేస్తున్నారు. నేను వేయలేకపోయాను.

మార్చి 6, శుక్రవారం. లంగ్‌వేర్, సాయంత్రం

ఫెర్రీలో కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను. దీవిలో దిగాక బాగుంది.

హల్వోర్ పొడుగు మనిషి, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. టీవీ వాళ్ల మనిషివా, అని లోపలికి రమ్మన్నాడు. కాఫీ పోశాడు. బ్రెడ్ కోసిపెడుతూ, ఇది ఫెర్రీలో తెప్పించుకున్నది, పాసిపోయింది, ఏమనుకోకు అన్నాడు. రేవు దగ్గర బేకరీ ఉంది కదండీ అన్నాను. ఉంది, అన్నాడు. అంతే.

మీకు కోపం ఎందుకో చెప్పండి అన్నాను. గోడ పక్కనున్న పెట్టెలోంచి అకార్డియన్ తీశాడు. బాణీ మొదలుపెట్టాడు. మనందరికీ తెలిసిందే. అయిపోయే చోటు వచ్చింది. ఆయన ఆపలేదు.

దానికి రెండో సగం ఉంది. నేనెప్పుడూ వినలేదు. ఎవరూ వినలేదు. మొదటి సగం పడవ రేవుకి వస్తున్నట్టు ఉంటుంది. రెండోది రేవు నుంచి వెళ్లిపోతున్నట్టు ఉంది. ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

ఇది మీరు కట్టిందే, అన్నాను.

“ఆ ముక్క నేను మా అక్క కూతురి పెళ్లిలో చెప్పాను. మా బావే ముందు నవ్వాడు. ఊరి పాట నాదంటున్నానట, ముసలాడికి రెండు గుక్కలు ఎక్కువయ్యాయట. వాళ్లదీ తప్పు కాదులే. టీవీలో చెప్పారాయె. టీవీ అబద్ధమాడుతుందా?”

టీవీలో ఎవరు చెప్పారు?

“నాలుగో భాగం చూడు పిల్లా. బేకరీ ముందు, ఎర్ర స్కార్ఫ్.”

చూడక్కర్లేదు. నాకు కంఠతా వచ్చు. కొత్త బేకరీ పిల్ల, చేతుల నిండా పిండి, రిపోర్టర్‌తో అంటుంది: అది చాలా పాత బాణీ అండీ, మా అమ్మమ్మ పాడేది.

మార్చి 7, శనివారం

ఆ పిల్ల పేరు దాగ్నీ. ఇప్పుడు జుట్టంతా నెరిసింది, చేతుల నిండా పిండి మాత్రం అలాగే ఉంది. భర్త ఆర్నుల్ఫ్ పోయి చాలా ఏళ్లయిందట. నన్ను చూడగానే వేడి వాఫెల్ రొట్టె మీద గోధుమరంగు చీజ్ ముక్క వేసి చేతిలో పెట్టింది. నిన్న ఫెర్రీ దిగి తూలుతూ పోయింది నువ్వే కదూ, తిను తల్లీ, మొహం ఇంకా పాలిపోయే ఉంది, అంది.

తిన్నాక అడిగాను. మీ అమ్మమ్మ నిజంగా ఆ బాణీ పాడేదా అండీ?

దాగ్నీ బేకరీలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లనీ చూసింది. వాళ్లు వెళ్లేదాకా బల్ల తుడుస్తూనే ఉంది.

“మా అమ్మమ్మకి బ్రహ్మచెవుడు,” అంది. “పాటంటే ఏమిటో ఆవిడకి తెలీదు.”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. తర్వాత ఆవిడ ఆప్రాన్‌తో కళ్లు తుడుచుకుంది.

“ఆ బాణీ హల్వోర్ నాకోసం కట్టాడు. నాకు తెలుసు. పడవ ఇంజన్ గదిలో కట్టి, రేవులో వినిపించాడు. అప్పటికే నాకు ఆర్నుల్ఫ్‌తో మాటైపోయింది. టీవీ వాళ్లొచ్చిన రోజున లైటు పట్టుకునేవాడు లేకపోతే ఆర్నుల్ఫే పట్టుకున్నాడు. ఆ రిపోర్టర్ మైకు నా మొహమ్మీద పెట్టి ఎవరిదీ బాణీ అన్నాడు. హల్వోర్‌ది అంటే, ఎవరిమీద కట్టాడూ అంటాడు కదా. లైటు వెనక మా ఆయన కాబోయేవాడు నిలబడి చూస్తున్నాడు. ఏం చెప్పను? నోటికి అమ్మమ్మ వచ్చింది.”

తర్వాతైనా చెప్పలేదా?

“ఎవరికి? దేశమంతా పాడేస్తోంది. ఆయన నా బేకరీ గుమ్మం తొక్కడం మానేశాడు. ఎదురుపడితే సముద్రం చూస్తాడు. నేను కొండ చూస్తాను. దీవి చిన్నది తల్లీ, చూడ్డానికి రెండే ఉన్నాయి.”

ఇది మా లాయరుకి చెబుతారా అన్నాను. పిండి చేతులు కడుక్కుంది. ఫోన్ కలుపు, అంది. ఇవాళ శనివారమండీ అన్నాను. ఆవిడ అప్పుడే ఆప్రాన్ విప్పేసింది.

మార్చి 9, సోమవారం

ముగ్గురం ఫోన్లో కలిశాం. దాగ్నీ చెప్పిందంతా షెష్టి మధ్యలో ఆపకుండా వింది. అమ్మమ్మ చెవుడు దగ్గర ఫోన్లో ఏదో దగ్గులాంటిది వినపడింది. చివర్న తేల్చేసింది. కట్టినవాడు బతికే ఉన్నాడు, సాక్షి ఉంది, ఇక జానపదం మాట మరచిపోండి. ఎవరు వాయించినా సరే, ఆయన అనుమతి లేనిదే ఒక్క స్వరం నెట్‌లోకి పోదు.

బిర్గర్ తల పట్టుకున్నాడు. నిన్ను గాలి మార్పుకి పంపితే ఉన్న దారి కూడా మూసేసి వచ్చావు అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పులేదు. నాకేమో బాధగా లేదు.

కళాశాల అమ్మాయికి ఫోన్ చేసి రావద్దన్నాను. అసలాయన ఎవరో తెలిసిందా, ఆయన దగ్గర నేర్చుకోవచ్చా అని అడిగింది.

మార్చి 13, శుక్రవారం. లంగ్‌వేర్

మళ్లీ ఫెర్రీ. మళ్లీ కక్కాను. దాగ్నీ రేవులో నిలబడి ఉంది, ఎర్ర స్కార్ఫ్ లేదు గానీ మంచి కోటు వేసుకుంది. నేనూ వస్తాను అంది. చేతిలో బ్రెడ్ ఉంది, పొగలు కక్కుతోంది.

హల్వోర్ తలుపు తీశాడు. చూడ్డానికి సముద్రం లేదు, కొండ లేదు. దాగ్నీ ఉంది.

“తప్పు చెప్పాను,” అంది దాగ్నీ.

“తెలుసు.”

“లాయరుకి నిజం చెప్పేశాను.”

“ఇంత ఆలస్యంగానా?”

“నువ్వు అడగలేదుగా. అడుగుతావనీ, తిడతావనీ ఎన్నాళ్లు చూశానో. సముద్రంలో అంతసేపు చూసేదేముందయ్యా నీకు?”

ఆయన బ్రెడ్ అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. లోపలికి రండి, చలి దూరుతోంది, అన్నాడు.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. అసలు ఆయన భయం వేరే. ఉచితం అంటే ఇంక ఎవరిదీ కాకుండా పోవడమనుకున్నాడు. ఒకసారి పోగొట్టుకున్నాను, మళ్లీ ప్రపంచమంతటికీ పోగొట్టుకోవాలా అన్నాడు. అలా కాదండీ, ఎవరైనా తీసుకోవచ్చు, పంచుకోవచ్చు, వాయించుకోవచ్చు, కానీ మీ పేరు చెప్పి తీరాలి, అదే షరతు, అన్నాను.

“చెప్పకపోతే?”

చట్టవిరుద్ధం.

ఆయన దాగ్నీ వైపు తిరిగాడు. “విన్నావా. ఇకమీదట అమ్మమ్మ అంటే జైలే.” తర్వాత నాతో, ఇంత సులువైన మాట మొదటే చెప్పొచ్చుగా అన్నాడు. మీరు ఫోన్ పెట్టేశారుగా అన్నాను.

సంతకం పెట్టాడు. రెండో సగం కూడా ఇచ్చాడు. ఆఖర్న తెర మీద బాణీ కట్టినవాడిగా ఆయన పేరు పడేచోట అది వస్తుంది. ఎర్ర స్కార్ఫ్ ముక్క కత్తిరించేద్దామా అని దాగ్నీని అడిగాను. వద్దంది. “ఆ పిల్ల భయపడి అబద్ధమాడింది. ఉండనీ. దాన్నెందుకు మాయం చేస్తారు? చివర్న నిజం రాస్తున్నారు కదా, చాలు.”

ముగ్గురం బ్రెడ్ మొత్తం తినేశాం.

మార్చి 20, శుక్రవారం

విడుదలైంది. బిర్గర్ కుర్చీలో నిలవలేదు. ఎంతమంది తీసుకుంటున్నారో తెరమీద చూస్తూ అరిచి చెబుతున్నాడు. మధ్యాహ్నానికి మా సర్వర్ మీద బరువే లేదు, తీసుకున్నవాళ్లే ఒకరికొకరు ఇచ్చేసుకుంటున్నారు. మనకింక పనేం లేదా అని దిగులుపడ్డాడు. కేకు తెప్పించాడు.

ఏప్రిల్ 3

హల్వోర్ ఫోన్. ఫిన్లాండ్‌లో ఎవరో బడిపిల్లలు ఆ బాణీ వాయించి నెట్‌లో పెట్టారట. మరీ పరుగు, పడవ కాదు, రైలనుకున్నారు వెధవలు, అన్నాడు. మరి పేరు? సరిగ్గానే రాశారులే, అన్నాడు. వెనకనుంచి దాగ్నీ గొంతు, కాఫీ చల్లారిపోతోందని.

ఏప్రిల్ 28, మంగళవారం

ఎవరో నాలుగో భాగానికి కింద తమ భాషలో మాటలు వేసి పంపారు. ఏ భాషో ఆఫీసులో ఎవరికీ తెలియదు. అక్షరాలన్నీ గుండ్రం, ఒక్కోదాని నెత్తిన చిన్న కొక్కెం. లంగ్‌వేర్ పట్టుకెళ్లి దాగ్నీకి చూపించాను. తెర మీద ఆ పిండి చేతుల ఎర్ర స్కార్ఫ్ పిల్ల నోరు తెరవగానే ఆ గుండ్రాలు బారులు తీరాయి. దాగ్నీ కళ్లద్దాలు పెట్టుకుని తెరకి దగ్గరగా జరిగింది.

“ఏమంటున్నాను?” అంది.