మళ్ళీ ఎన్నిసార్లు?

అమ్మగారికి,

నమస్కారం. నేనెవరో మీకు తెలీదు. బట్టలు కుట్టుకునేదాన్ని. మా ఇంటికి ఫోను వచ్చి నెల కాలేదు, పొద్దుగూకితే చాలు, ఫోను మీద మీ నంబరు పడి మోత. ఎత్తితే మాటుండదు, పిట్ట అరిచినట్టు కూత. పెట్టేస్తే మళ్ళీ మోత. మీకే చేసి అడుగుదామంటే ఎప్పుడూ ఎంగేజే. చివరికి టెలిఫోను ఆఫీసులో బతిమాలి మీ అడ్రసు తీసుకున్నాను. మా అమ్మాయికి నెలలు నిండాయి, వేరే ఊళ్ళో ఉంది. నొప్పులొచ్చి అల్లుడు చేస్తే మాకు తగలాలా వద్దా? దయచేసి ఆ కూత ఆపండి.

ఇట్లు,
మీ కూతకు రోజూ హలో చెప్పే దర్జీ

ప్రియమైన చెల్లెమ్మకు,

నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి. అది మా అబ్బాయి కంప్యూటరు. ఇంటర్నెట్టు కోసం మా ఫోను తీగ దానికి తగిలించాడు. లైను దొరికేదాకా తనే మళ్ళీ మళ్ళీ చేసుకునేట్టు పెట్టాడు. "నేను విసుక్కుంటాను గానీ ఇది విసుక్కోదే అమ్మా" అనేవాడు.

జ్వరమొచ్చి పోయాడు. ఆ ఇంటర్నెట్టు కంపెనీ మూసేశారని, వాళ్ళ నంబరు మీకిచ్చారని, మీ ఉత్తరమొచ్చి వాకబు చేసేదాకా నాకేం తెలుసు? సాయంత్రం వాడు ఇంటికొచ్చే వేళకి దాన్ని వేస్తాను. నంబరు నొక్కే చప్పుడు వస్తుంటే వాడు గదిలో ఉన్నట్టే ఉంటుంది. ఆ చప్పుడులోనే పొయ్యి వెలిగిస్తాను.

ఇంకో మాట. ఆ పెట్టెలోంచి మీ గొంతు నాకు వినిపించేది. నేనూ పలికేదాన్ని, మీకు వినబడదని తెలీక. మొన్న "మాట్లాడితే ముత్యాలు రాలతాయా?" అని కోప్పడ్డారు. చాన్నాళ్ళకి నవ్వొచ్చింది.

ఆపమంటే చెయ్యి రావడం లేదు. ఏం చెయ్యను?

మీ అక్క

అక్కా,

మీ ఉత్తరం చదివాక మిషను తొక్కడానికి కాలాడలేదు. ఆపొద్దు. మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అడిగాను. కంప్యూటరులో డయలు చేసేచోట, లైను దొరక్కపోతే మళ్ళీ ఎన్నిసార్లు చెయ్యాలో రాసే గడి ఉంటుందట. అందులో సున్నా పెట్టండి. ఒక్కసారి చేసి ఊరుకుంటుంది. ఆ ఒక్కసారీ ఎత్తి నేను మాట్లాడతాను, మీరు వినండి చాలు.

మీ చెల్లెలు

ముత్యాల చెల్లెలికి,

సున్నా పెట్టాను. అందుకోసం వాడి కుర్చీలో మొదటిసారి కూర్చున్నాను. నీ కబుర్లన్నీ విన్నాను. కొలతలిచ్చాక లావెక్కి, జాకెట్టు నువ్వే బిగించావన్న టీచరమ్మ సంగతి తలుచుకుని ఇప్పటికీ నవ్వుతున్నాను.

నిన్న నీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. నువ్వెత్తలేదు. వాడి మిషను మళ్ళీ చెయ్యలేదు. చెయ్యొద్దని నేనే చెప్పాను కదా! దానికి లేని కంగారు నాకొచ్చింది. దాన్ని ఆపేసి, హాల్లో ఫోను తీసి నేనే చేశాను. పలకలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ చేశాను. వాడి మిషనుకన్నా మొండిదాన్నని నాకే తెలీదు. చివరికి మరిదిగారు ఎత్తారు.

"ఎవరండీ?"

"రోజూ కూసేదాన్నే."

ఆయన పగలబడి నవ్వి, "మనవరాలు పుట్టింది వదినగారూ! అల్లుడి ఫోను మొదటిసారికే తగిలింది. మీ చెల్లెలు కుడుతున్న గుడ్డ కుడుతున్నట్టే వదిలేసి పరిగెత్తింది" అన్నారు.

ఫోను పెట్టేశాక వాడి గదిలోకెళ్ళి తీగ పీకేశాను. పెట్టె మీద వాడి దుప్పటి కప్పాను. ఏడ్చాను, అబద్ధమెందుకు? కానీ తల్లీపిల్లా ఎలా ఉన్నారో చెప్పడానికి నువ్వు చేసినప్పుడు మా ఫోను ఎంగేజుంటే ఎలా?

సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను. ఈసారి నేను పలికితే నీకు వినబడుతుంది.

నీ అక్క