పడవ మీద రెండో పేరు

ఊర్‌విక్, ఏప్రిల్ 1956

అన్నయ్య ఐలెర్ట్‌కు, మేమంతా క్షేమం. నాన్న మంచం పట్టారని ఓడలో ఎవరైనా చెబితే నమ్మవద్దు. చేతులు వణుకుతున్నాయి, అంతే.

అందుకే ఈసారి చేపల పడవను మొదలునుంచి చివరిదాకా మా ఆయన హల్వోరే కట్టారు. నీళ్లలోకి దించడానికి ముందు నాన్న ఆయనను పిలిచి, "ఇల్లరికం వచ్చినవాడు ఇంటిపేరు మార్చుకోవడం ఇక్కడ ఉన్నదే. మా తాతా అలాగే ఈ చోటి పేరు పెట్టుకుని ఊర్‌విక్ అయ్యాడు. నువ్వూ మార్చుకో. లేకపోతే ఈ పేరుతో పడవ కట్టేవాడుండడు" అన్నారు.

"మా నాన్న సముద్రంలో పోయాడు మావయ్యా, సమాధి కూడా లేదు. ఆయనది నాకు మిగిలింది బ్రెక్కె అన్న పేరొక్కటే" అన్నారు హల్వోర్. నాన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పడవ దించిన రోజు చూస్తే, వెనుక చెక్క మీద ఊర్‌విక్ పక్కనే బ్రెక్కె అని చెక్కి ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, నాన్న చెక్కినవే. పక్కింటి ఓలుఫ్ ఊరుకోడు కదా, నాన్నతో, "ఏం సీవెర్ట్, కొడుకు ఓడలెక్కి పోయాడు, పేరేమో అల్లుడి పాలయిందా?" అన్నాడు.

"పడవ తేలింది కదా, అది చూడు" అన్నారు నాన్న.

నువ్వు తిరిగి వస్తావనే ఆయన ఇన్నాళ్లూ అల్లుణ్ణి పేరు మార్చుకోమని అడగలేదు. ఈ సంగతి నీకు పరాయివాళ్ల నోట తెలియకూడదని రాస్తున్నాను.

నాన్నకు పైపు పొగాకు పంపు. నీ ఉన్ని చొక్కాను పురుగు కొట్టింది. విప్పి పాపకు మేజోళ్లు అల్లనా? షెడ్డు గోడకున్న, నువ్వు పడవ చెక్కలు చెక్కిన బాడిసెను ఎంత అవసరమైనా హల్వోర్ ముట్టుకోరు. వాడుకోమని నువ్వే ఒక ముక్క రాసి పంపు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

చెల్లెలు టోర్‌బోర్గ్