నెయ్యి పాలేనా

ఆగస్టు 5
ఆదివారం మేఘన పుట్టినరోజు. తొమ్మిది నిండుతాయి. ఈసారి కేకు కావాలట. "అందరిలెక్క నేనూ కోస్త అమ్మా." దానికి గుడ్డు పడదు, పాలు పడవు, వెన్న వద్దు... అయినా సరే అన్నాను. అనేశాక భయం.

ఆగస్టు 6
బస్టాండు దగ్గర బండి మీద ఆపిళ్లు. పుల్లటివి ఇమ్మంటే బండాయన నవ్వాడు. "అందరు తియ్యగ అడుగుతరు మేడం, మీరు ఉల్టా!" మైదా ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాలు మూడుసార్లు చదివాను. నూనె ప్యాకెట్ కూడా. నూనెలో పాలెందుకుంటాయి? అయినా చదివాను.

పోయిన ఏడాది ఆడపడుచు ఇంట్లో మేఘన ఒక్క కోవా ముక్క తింది. పెదాలు ఉబ్బి, గొంతులో గురగుర... ఆటోలో దవాఖాన దాకా దాని ఊపిరి మీదే నా చెవి.

ఆగస్టు 7
ఝరాసంగం నుంచి అత్తమ్మ వచ్చింది, మనవరాలి పుట్టినరోజుకని.

మొదటి ప్రయత్నం. ఆపిల్ ఉడికించి మెదిపి, మైదా, బెల్లం, నూనె, చిటికెడు సోడా, చెంచా వెనిగర్, కాస్త శొంఠి పొడి. విజిల్ తీసేసిన కుక్కర్లో, అడుగున ఉప్పు పోసి. సగం గిన్నెకే అంటుకుపోయింది. అత్తమ్మ తొంగి చూసి, "గిది కేకా, సంకటా?" ఆయన మాత్రం గీకి గీకి తిన్నాడు. మంచిగుందట. ఆయనకు అన్నీ మంచిగనే ఉంటయి.

మేఘనకు పెట్టలేదు. కలిపిన గరిటె పొద్దున పెరుగులో పెట్టిందేనేమో అని ఒక్క అనుమానం.

ఆగస్టు 9
ఈసారి గిన్నెలోంచి జారినట్టు వచ్చింది. ఎర్రగా, గుండ్రంగా. మేఘన చప్పట్లు. ముక్క కోసి చేతికిచ్చాను. నోటి దాకా పోయింది. అప్పుడు అత్తమ్మ, సంబరంగా — "అంటుకోకుండ ఎట్లచ్చింది చూసినవా? ఊరి నుంచి తెచ్చిన నెయ్యి జర రాసిన గిన్నెకు."

"నెయ్యంటే పాలే!" అని గుంజుకున్నాను. పిల్ల చేతి మీద నా గోరు గీరుకుంది.

"నెయ్యి పాలా? పాలు వడయ్ అన్నవ్ గని, నెయ్యి ఎన్నడన్నవ్? కాచినంక పాలేడుంటయే?"

నిజమే. ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా "పాలు" అనే చెప్పాను. నెయ్యి పేరు విడిగా ఎత్తలేదు. నాకు తెలిసింది అందరికీ తెలుసనుకున్నా... ఎమ్మెస్సీ చదివి ఏం లాభం.

అత్తమ్మ అన్నం ముట్టలేదు. "నా బిడ్డకు నేను విషం వెడతనా?" — అదొక్కటే మాట.

మేఘన ఏడవలేదు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుంది.

ఆగస్టు 10
పొద్దున్నే కొత్త గిన్నె. నూనె నేనే రాశాను. అత్తమ్మ గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. "నేనేం ముట్టుకోను తల్లీ, చూస్త అంతే." కాసేపాగి, "శొంఠి తక్కువెయ్యి, పిల్లకు కారమైతది." తక్కువే వేశాను.

బాగా వచ్చింది. మేఘన కోసింది, అందరికీ పెట్టింది. తన ముక్క ప్లేట్లోనే.

"తిను బిడ్డా."

"ఖాయమా అమ్మా?"

ఖాయం అన్నాను. అంటూంటేనే ఇంకో భయం — శొంఠి పోసిన డబ్బాలో ఇదివరకు పాలపొడి ఉండేదా? లేదు... ఉన్నా కడిగాను. కడిగాను కదా. ఆ భయం బయటపడనీయకుండా ఒక ముక్క నా నోట్లో వేసుకుని చూపించాను.

మేఘన నన్నే చూసింది. "నువ్వు తింటే ఏం తెలుస్తది? నీకు పాలు పడతయి కదా."

ఆయన తన ముక్క సగంలోనే ప్లేట్లో పెట్టేశాడు.

సాయంత్రమైంది. ఆ ముక్క ఇంకా బల్ల మీదే. తీసేయాలా, ఉంచాలా... ఇందాక మేఘన గదిలోంచి వచ్చి, వంగి వాసన చూసి, మళ్లీ లోపలికి పోయింది.