అడగకుండా రాసిన జవాబు

డర్హమ్, జూన్ 4

గౌరవనీయులైన థర్ల్‌వెల్ గారికి,

మిమ్మల్ని ఆస్పత్రి నుంచి ఇంటికి పోనివ్వకుండా వృద్ధాశ్రమంలో చేర్పించిన సోషల్ వర్కర్‌ని నేనే. చదివాక చించేసినా మీ తప్పు కాదు.

మీరు మెట్ల మీంచి రెండోసారి పడ్డాక మీ అమ్మాయి మావిస్ ఏడుస్తూ ఫోన్ చేశారు. నేను వార్డుకి వచ్చాను. "ఇంటికెళ్తే మళ్లీ పడతారు, తెలుసా?" అని అడిగాను. "ఈ ఏడాది బంగాళాదుంపలు ఇంకా నాటలేదమ్మా" అన్నారు మీరు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదనుకున్నాను. ఆ రోజు ఇంకా మూడిళ్లకు వెళ్లాలి. తన సంగతి తాను నిర్ణయించుకునే శక్తి ఈయనకు లేదని ఫారంలో రాసి సంతకం పెట్టాను. లేదని రుజువయ్యేదాకా ప్రతి మనిషికీ ఆ శక్తి ఉన్నట్టేనని మా చట్టం. తెలివితక్కువ పని చేస్తాననడం కూడా మనిషి హక్కే. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. అది తలుచుకుంటే తల ఎత్తలేకపోతున్నాను.

పోయిన వారం మావిస్ మాటల్లో చెప్పారు, మీ చెవి మిషన్ ఆ రోజు ఆవిడ సంచిలోనే ఉండిపోయిందని. నా ప్రశ్న మీకు వినపడనే లేదు. "ఆయన అక్కడ బాగానే ఉన్నాడుగా, ఇప్పుడెందుకు తవ్వడం?" అన్నారు మా పైఅధికారి. ఇలాంటి నిర్ణయాలు తేల్చే కోర్టుకి నా తప్పు నేనే రాసి పంపాను. మీరెక్కడ ఉండాలనుకుంటున్నారో మళ్లీ అడగడానికి వేరొకరు వస్తారు. మీ మొహం చూసే ధైర్యం నాకు లేదు.

సిగ్గుతో,
హెస్టర్ రడ్

జులై 19

హెస్టర్ అమ్మాయ్,

నీ ఉత్తరం మావిస్‌కి చూపించాను. "పాపం" అంది. "పాపం కాదు, తప్పే" అన్నాను.

"మీరేమంటారు థర్ల్‌వెల్ గారూ?" అని జడ్జి గారు నన్నే అడిగారు. ఇంటికి పోతానన్నాను. "నీ మొండితనం నీదే నాన్నా" అని మావిస్ గొణిగింది. అయినా తనే తీసుకెళ్లి దింపింది.

తొమ్మిది రోజులున్నాను. కిందపడలేదు. కానీ మెట్లెక్కేసరికి ఊపిరాడేది కాదు, పలకరించే మనిషి లేడు. పదోరోజు ఆశ్రమానికి నేనే ఫోన్ చేసి, గది ఖాళీగా ఉందా అని అడిగాను.

నువ్వు చేసిందే సరైందనుకుని మురిసిపోకు. అప్పుడు నన్ను తెచ్చి పెట్టారు. ఇప్పుడు నేనే వచ్చాను.

ఇట్లు,
విల్ఫ్రెడ్ థర్ల్‌వెల్