తెర మీద పన్నెండో పడవ

అల్లూరు మండలం,
అక్టోబర్ 6

ప్రియమైన స్వర్ణకు,

మీ కంపెనీ సూచనల పెట్టె రెండు వందల అక్షరాలు దాటితే ఒప్పుకోదు. నా గోడు అందులో పట్టదు గనుక ఉత్తరమే రాస్తున్నాను.

మా మత్స్యకారుల సంఘం ఆఫీసులో పడవల రాకపోకలన్నీ డేటాబేస్‌లో ఎక్కించేది నేనే. దాన్ని కనిపెట్టి చూసే మీ సాఫ్ట్‌వేర్, పడవ బయల్దేరినట్టు నొక్కగానే దాని పేరు పక్కన ఎర్రగా 'రాలేదు' అని వేస్తుంది. వచ్చినట్టు నొక్కేదాకా అది పోదు. నిన్న మా అత్త నాగులమ్మ చూసి, "మొగోళ్లు ఇంకా అల దాటనే లేదు, అప్పుడే రాలేదంటాదే ఈ పాడు పెట్టె! తీసెయ్యమ్మే దాన్ని" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మామ ముత్యాలయ్య, మా ఆయన ప్రసాద్ వెళ్లేది ఒకే పడవలో మరి.

ఆ మాట బదులు 'సముద్రంలో ఉంది' అని పెట్టించు తల్లీ. రోజంతా ఆ ఎరుపు ఎదురుగా కూర్చోవడం నా వల్ల కావడం లేదు.

నీ సుభాషిణి

చెన్నై,
అక్టోబర్ 14

ప్రియమైన సుభా,

నీ ఉత్తరం చూసి నవ్వాను, కోప్పడకు. పని పూర్తికాని వరుస ఏదైనా మేం ఎర్రగానే చూపిస్తాం. అది శకునం కాదే పిచ్చిదానా!

నీ సూచన నమోదు చేశాను. కానీ అడిగింది నువ్వొక్కదానివే. యాభై మంది అడిగితేగాని మా వాళ్లు కదలరు. 'తర్వాత చూద్దాం' వరుసలో పెట్టాను. అందాకా ఓర్చుకో.

నీ స్వర్ణ

చెన్నై,
నవంబర్ 9

సుభా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. తుఫాను గాలికి మీ పడవ బోల్తా పడిందని, మీ మామ ఇంకా దొరకలేదని, మీ ఆయన మాత్రం మర్నాడు నీళ్ల డబ్బా పట్టుకుని తేలుతూ కనిపించాడని మీ గుమాస్తా సమాధానం గారు చెప్పారు. ఆ గాలికి మిగతా పడవలు తలో రేవుకు చేరాయట. తెర మీద మీ సంఘం పడవలు పన్నెండూ వచ్చినట్టే ఉండడంతో వెతకడానికి ఎవరూ పోలేదట.

ఆ వారం సాఫ్ట్‌వేర్‌లో మార్పులు చేసింది నేనే. మూడు రోజులుగా వెతుకుతున్నా తప్పు దొరకడం లేదు. దొరక్కపోయినా నాదే అయివుంటుంది. నెలాఖరున విచారణ. తప్పు నాదేనని సంతకం పెట్టి ఉద్యోగం వదిలేస్తాను. నీ మొహం ఎలా చూడను?

స్వర్ణ

అల్లూరు మండలం,
నవంబర్ 15

నా స్వర్ణా,

సంతకం పెట్టొద్దు. మీ సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చేయలేదు.

నీ జవాబు వచ్చినప్పటి నుంచి, మా పడవ బయల్దేరగానే 'వచ్చింది' అని నేనే నొక్కేస్తూ వచ్చాను. ఎరుపు పోయేది, నా గుండె కుదుటపడేది. ఆ రోజూ అలాగే నొక్కి, మా అమ్మను చూపించడానికి నెల్లూరు ఆసుపత్రికి వెళ్లాను. గాలి మొదలవగానే ఆఫీసుకు ఫోన్ చేశాను. "మన పన్నెండూ వచ్చినాయమ్మా, ఎవురూ బయట లేరు" అన్నాడు సమాధానం అన్న. కళ్లారా చూసి చెప్పాడనుకున్నాను. ఆయన చూసింది నేను నొక్కిన అబద్ధాన్ని. అదే మాట అత్తకూ చెప్పి ధైర్యంగా ఉండమన్నాను.

ఇన్నాళ్లూ అందరూ మీ కంపెనీని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం చదివాక సిగ్గుతో చచ్చిపోయాను. నిన్న అత్తకు చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. "నాకు నొక్కడం తెలిసుంటే నేనూ అదే నొక్కుందును గదమ్మే" అంది. కొట్టినా బాగుండేది.

ఇది విచారణలో చూపించు. మా ఆయనకు చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు. పోస్టు చేయమని, కవరు అంటించకుండా ఆయన చేతికే ఇస్తున్నాను. నీకు అందితే, చదివే పంపాడని అనుకో.

సుభాషిణి