స్వచ్ఛందం అంటే

నిధుల అధికారి గారికి,

రొట్టెల బండికి డీజిలూ టైర్లూ అడిగితే, "స్వచ్ఛంద సేవకులకు ఖర్చులేమిటి, పిండికైతే ఇస్తాం" అని రాశారు. అయ్యా, రొట్టె తనంతట తాను నడిచి వంతెన దాటదు. అవతలి గట్టున ఆసుపత్రి ఉంది. బాంబులు పడుతున్నాయని మీ మనుషులు అటు వెళ్లరు. మా అక్క వెళ్తుంది. నిన్న బాంబు పెంకు గుచ్చుకుని టైరు చిరిగితే, వట్టి రిమ్ము మీదే బండిని వెనక్కి తెచ్చింది.

బండికి మీ సంస్థ గుర్తున్న పెద్ద స్టిక్కరు అంటించమన్నారు. పగిలిన కిటికీకి అంటించాం. చలిగాలి ఆగింది, అందుకు కృతజ్ఞతలు.

స్వచ్ఛందం అంటే ఉచితమని కాదండీ, మా ఇష్టమని. మీరిచ్చినా ఇవ్వకపోయినా రేపు బండి వెళ్తుంది. టైర్లు రాకపోతే మాత్రం మీ గుర్తు పీకేసి, కిటికీకి దుప్పటి కట్టుకుంటాం.

ఇట్లు,
రొట్టెలు కాల్చే తమ్ముడు