మిట్టమధ్యాహ్నం పోటీ

రమణమ్మా,

నువ్వు మైదానంలో కుప్పకూలి చనిపోయి ఈ రోజుకు పదకొండేళ్లు. ఆ రోజు నువ్వు నీళ్లడిగితే, మన కోచ్ సారు వద్దన్నాడని నా చేతిలోని సీసా ఇవ్వలేదు.

ఇప్పుడు నేనూ కోచ్‌నే. ఒంటిని ఎండకు మెల్లగా అలవాటు చేయాలని, జ్వరం తగ్గగానే ఎండలో పరిగెత్తించకూడదని కొత్త పరిశోధనలు చెబుతున్నాయట. మొన్న అనంతపురం శిక్షణలో విన్నాను.

ఈ రోజు క్రీడా హాస్టల్ ఎంపిక పరుగు పోటీ మిట్టమధ్యాహ్నం పెట్టారు. నా దగ్గర నేర్చుకునే కవితకు జ్వరం తగ్గి మూడు రోజులే. వద్దన్నాను.

"ఈ సీటు పోతే కూలికి పోవల్ల మేడం," అంది.

ఆపలేకపోయాను. నీళ్లు పట్టుకుని ట్రాక్ గీత పక్కనే నిలబడ్డాను. అయిదో చుట్టులో తూలింది. లోపలికి పరిగెత్తి బయటికి లాగేశాను. ప్రాణం దక్కింది, సీటు పోయింది. కవిత నా ముఖం చూడడం లేదు.

ఆ రోజు నిన్నూ లాగేసి ఉంటే, నువ్వూ నాతో మాట్లాడేదానివి కాదేమో. మాట్లాడకపోయినా ఉండేదానివి.